గడ్డ కరిగాక కీమో ఎందుకన్న రైతు: కర్నూలులో ఒక లింఫోమా కేసు

చాలా క్యాన్సర్లలో గడ్డ తగ్గిందో లేదో స్కాన్ తీసేదాకా రోగికి తెలియదు. లింఫ్ గ్రంథుల్లో పుట్టే క్యాన్సర్ లింఫోమా అలా కాదు. వేగంగా పెరిగే రకం లింఫోమా కీమోథెరపీకి అంతే వేగంగా కరుగుతుంది కాబట్టి, మెడలో మూడు వేళ్ల వెడల్పున ఉన్న గడ్డ మొదటి సైకిల్ (కీమో ఒక విడత) ముగిసేలోపే చేతికి అందకుండా పోవడం మేము తరచుగా చూస్తాం. అందువల్ల జబ్బు పోయిందన్న నమ్మకం రోగికి మొదటి నెలలోనే కుదురుతుంది. మందు పెట్టే బాధలు మాత్రం సైకిల్ సైకిల్‌కూ పోగవుతూ వస్తాయి. ఈ రెండూ ఎదురుపడే చోట, నేను చూసినంతలో రెండో మూడో సైకిల్ దగ్గర, చికిత్స మానేద్దామన్న ఆలోచన పుడుతుంది. దాన్ని మొండితనమనో అజ్ఞానమనో అనుకుంటే రోగి మన చేయి దాటిపోతాడు. తన కళ్లకు కనిపించే ఆధారాలను బట్టి అతను చేసిన ఆలోచన సబబైనదే. కనిపించని ఆధారాలను అతని ముందు పెట్టడమూ, పోగైన బాధలను ఒక్కొక్కటిగా విడదీసి తగ్గించడమూ వైద్యుల పని. ఈ కేసును రాయడానికి కారణం అదే. రోగి, ఆయన కుటుంబం అనుమతి తీసుకున్నాను. గుర్తు పట్టే వీలున్న వివరాలను వదిలేశాను, కొన్నింటిని మార్చాను.

నేపథ్యం

యాభై దాటిన రైతు. జిల్లా పడమటి భాగంలో వానమీద ఆధారపడ్డ భూమి; శెనక్కాయ, పత్తి వేస్తారు. కొడుకులు బెంగళూరులో కట్టడం పనుల్లో ఉన్నారు. ఇంట్లో భార్య, ఇంటర్ దాకా చదివిన పెద్ద కోడలు ఉంటారు. ఊరి నుంచి కర్నూలు చేరాలంటే బస్సు మారి మూడు గంటలు ప్రయాణం చేయాలి. చికిత్సలో తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయంలోనూ ఈ మూడు గంటల లెక్క ఉంది.

మెడకు కుడి పక్కన గడ్డ లేచినప్పుడు ఊరి ఆర్‌ఎంపీ యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చాడు. తగ్గకపోయేసరికి మరోచోట సూది పరీక్ష చేయించారు. ఫలితం స్పష్టంగా రాలేదు కానీ టీబీ కావచ్చన్న అనుమానంతో రెండు నెలలు టీబీ మందులు వాడారు. మన ప్రాంతంలో మెడ గడ్డ అనగానే టీబీ తలపుకు రావడం సహజం. అయితే సన్నని సూదితో తీసిన కణాలు లింఫోమాను తేల్చడానికి చాలవు. గ్రంథి లోపలి అమరిక ఎలా చెదిరిందో చూడాలి కాబట్టి, వీలైనచోట గ్రంథిని పూర్తిగా తీసి బయాప్సీకి పంపాలి. టీబీ మందులు వాడుతుండగానే చంకలో మరో గడ్డ లేచింది. రాత్రిళ్లు పడుకున్న దుప్పటి తడిసిపోయేంత చెమటలు పట్టాయి. ఒంటి బరువు పదో వంతుకు పైగా పడిపోయింది. ఆ దశలో మా దగ్గరికి వచ్చారు. బయాప్సీలో డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా (వేగంగా పెరిగే రకం) అని, సీడీ20 పాజిటివ్ (రిటుక్సిమాబ్ అనే మందు పట్టుకునే గుర్తు కణాల మీద ఉంది) అని తేలింది. స్కాన్‌లో మెడ, చంక, కడుపు లోపలి గ్రంథుల్లో జబ్బు కనిపించింది. అంటే ఛాతీని, కడుపును వేరుచేసే ఉదరవితానానికి పైనా కిందా రెండు వైపులా ఉంది కాబట్టి మూడో దశ. ఎముక మజ్జలో లేదు.

ఈ జబ్బుకు ఆర్-చాప్ అనే ఐదు మందుల కలయిక ఇస్తాం. ఇందులో సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరుబిసిన్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసొలోన్ అనే నాలుగు మందుల చాప్ 1970ల నుంచి వాడుకలో ఉంది. దానికి రిటుక్సిమాబ్ చేర్చితే ఎక్కువ మంది బతుకుతారని వయసు పైబడిన రోగులపై జరిపి 2002లో ప్రచురించిన పరిశోధన చూపించింది. 2007లో హైదరాబాదు కంపెనీ ఒకటి రిటుక్సిమాబ్‌కు బయోసిమిలర్‌ను (అదే పని చేసే ప్రతిరూప మందును) విడుదల చేశాక, ఆ మందు మన దగ్గర మరింత మందికి అందే దారి ఏర్పడింది. 21 రోజులకు ఒకటి చొప్పున ఆరు సైకిళ్లు అనుకున్నాం. డాక్సోరుబిసిన్ గుండె కండరంపై ప్రభావం చూపుతుంది కాబట్టి ముందుగా ఎకో (గుండె పనితీరు చూసే స్కాన్) తీయించాం, బాగుంది. రిటుక్సిమాబ్ వల్ల పాత హెపటైటిస్ బి మళ్లీ తలెత్తే ప్రమాదం ఉంది కాబట్టి ఉపరితల యాంటిజెన్ ఒక్కటే చూసి ఊరుకోకుండా కోర్ యాంటీబాడీ పరీక్ష కూడా చేయించాం. మొదటిది నెగెటివ్, రెండోది పాజిటివ్ వచ్చింది; అంటే ఆ వైరస్ గతంలో ఎప్పుడో సోకింది. ఆ వైరస్‌ను అణచి ఉంచే ఎంటెకావిర్ మాత్ర మొదలుపెట్టాకే రిటుక్సిమాబ్ ఎక్కించాం.

కొడుకులు ఒక్క మాట అడిగారు. నాయనకు క్యాన్సర్ అని చెప్పవద్దని, గడ్డలకు మందు ఎక్కిస్తున్నామని మాత్రమే చెప్పమని. ఆ పూటకు అలాగే సాగింది.

మూడో సైకిల్ ముందు తలెత్తిన సమస్య

రెండో సైకిల్ పదో రోజున ఆయనకు జ్వరం వచ్చింది. ఊళ్లో పారాసెటమాల్ మాత్ర, పిరుదుకు ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. జ్వరం దిగింది, మళ్లీ ఎక్కింది. మరునాడు మా వార్డుకు వచ్చేసరికి బీపీ 90/60, ఇన్‌ఫెక్షన్‌ను ఎదుర్కొనే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ 200, అంటే చాలా తక్కువ. యాంటీబయాటిక్స్, సెలైన్‌తో కోలుకుని ఇంటికి వెళ్లారు కానీ మూడో సైకిల్ తేదీకి రాలేదు. కోడలికి ఫోన్ చేస్తే, మామ రానంటున్నాడని చెప్పింది. కొన్ని రోజులకు ఆమే నచ్చజెప్పి తీసుకొచ్చింది.

ఆయన నాతో అన్న మాట ఇది: "గడ్డ పోయింది కద సార్. గడ్డ ఉన్నప్పుడు సేన్లో పని చేసుకుంటాంటి. ఇప్పుడు గడ్డ లేదు, పనీ లేదు, తిండీ లేదు, నిద్రా లేదు. ఇంక మందెందుకు?"

జబ్బు పేరు కూడా తెలియని మనిషికి ఈ ప్రశ్నకు మరో జవాబు దొరకదు. ఆయన దృష్టిలో ఉన్న ఒకే ఒక్క జబ్బు మేమిచ్చే మందు.

అప్పటిదాకా చేసినవి ఎందుకు ఫలించలేదు

రెండో సైకిల్‌లో వికారం ఎక్కువగా ఉందని చెబితే వాంతుల మాత్ర ఆన్‌డాన్‌సెట్రాన్‌ను ఎక్కువ రోజులకు పెంచారు. ఫలితం లేదు. తర్వాత విడిగా అడిగితే తేలిందేమిటంటే, వికారం మొదటి రెండు రోజులు పెద్దగా లేదు. నాలుగో రోజు నుంచి ఎనిమిదో రోజు దాకా ఉంది. ఆ రోజుల్లో ఆయనకు విరేచనం కాలేదు. విన్‌క్రిస్టిన్ పేగుల నరాలను మందగింపజేస్తుంది. ఆన్‌డాన్‌సెట్రాన్ కూడా మలబద్ధకాన్ని తెస్తుంది. అంటే కడుపు బిగదీసి పుట్టిన వికారానికి కడుపును ఇంకా బిగించే మాత్రను పెంచినట్టయింది. వికారం ఉందా అని అడిగితే ఉందనే అంటారు. ఏ రోజు నుంచి, విరేచనం ఎప్పుడైంది అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది.

నీరసానికి షుగర్ పరీక్ష చేశారు. పరగడుపున చూస్తే హద్దులోనే ఉంది. కానీ ఆర్-చాప్‌లో ప్రెడ్నిసొలోన్ రోజుకు 100 మిల్లీగ్రాములు, ఐదు రోజులు ఇస్తాం. ఉదయం వేసుకున్న స్టెరాయిడ్ రక్తంలో చక్కెరను మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా పెంచుతుంది, తెల్లారేసరికి దిగిపోతుంది. పరగడుపు పరీక్షలో అది దొరకదు. స్టెరాయిడ్ వేసుకునే రోజుల్లో సాయంత్రం నాలుగింటికి చూస్తే 368 ఉంది. పైగా, ఒక్కసారే అన్ని మాత్రలు మింగలేక సగం పొద్దున, సగం రాత్రి భోజనం తర్వాత వేసుకుంటున్నాడు. నిద్ర పట్టకపోవడానికి అదే కారణం. ఆరో రోజున స్టెరాయిడ్ ఆగగానే ఒళ్లంతా కూలబడినట్టయ్యేది. దాన్ని ఇంట్లోవాళ్లు ఇక మనిషి నిలవడన్న భయంగా అర్థం చేసుకున్నారు.

తిండి సంగతి ఇంకా దారుణం. నిన్న పొద్దున్నుంచి ఏం తిన్నారో వరుసగా చెప్పమన్నాను. గంజి, రెండు ఇడ్లీ ముక్కలు, కాస్త కాఫీ. ఇంతే. ఆరా తీస్తే మూడు వైపుల నుంచి పథ్యాలు వచ్చి పడ్డాయి. అచ్చు వేసిన మా కాగితంలో పచ్చివి, బయటివి, పెరుగు వద్దని ఉంది. చుట్టాలు వంకాయ, గోంగూర, కోడిగుడ్డు, పప్పు వద్దన్నారు; వాతం చేస్తాయట. ఎవరో షుగర్ మాట ఎత్తగానే అన్నం, పండ్లు కూడా మానిపించారు. మిగిలింది గంజి. రెండు సైకిళ్లలో నాలుగు కిలోలు తగ్గాడు.

ఇంకొకటి మేము అడగకపోతే చెప్పేవాడు కాదు. మందు ఎక్కించిన రోజు ఎర్రగా మూత్రం వచ్చింది. "నెత్తురు పడ్తాంది" అనుకుని, తక్కువ పోస్తే తక్కువ నెత్తురు పోతుందని నీళ్లు తాగడం మానేశాడు. డాక్సోరుబిసిన్ రంగే ఎరుపు; ఒకటి రెండు రోజులు మూత్రంలో ఆ రంగు కనిపించడం మామూలే. కానీ అదే రోజు ఎక్కించే సైక్లోఫాస్ఫమైడ్ మూత్రాశయం లోపలి పొరను దెబ్బతీయకుండా ఉండాలంటే నీళ్లు బాగా తాగాలి. కర్నూలు ఎండాకాలంలో నీళ్లు మానేయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. ముందుగా ఒక్క వాక్యం చెబితే తీరిపోయే భయమిది.

బెంగళూరు నుంచి కొడుకులు ఫోన్లో ధైర్యం చెబుతూనే ఉన్నారు. "ధైర్యంగా ఉండు నాయనా" అన్న మాట ఆయనకు లోటు కాలేదు. లోటల్లా దేనికి ధైర్యంగా ఉండాలో తెలియకపోవడం.

మొదటి నిర్ణయం: జబ్బు పేరు చెప్పడం

కొడుకుల మాట కాదని చెప్పేయవచ్చు. రోగి హక్కు అది. కానీ చికిత్స ఇంకా మూడు నెలలు సాగాలి, ఇంటి సహకారం లేకుండా సాగదు. అందుకని పెద్ద కొడుకుతో ముందు ఫోన్లో మాట్లాడాను. నేనుగా ప్రకటించనని, ఆయనకు ఏం తెలుసో, ఎంత తెలుసుకోవాలనుకుంటున్నాడో అడుగుతానని, అడిగిన దానికి అబద్ధం చెప్పనని అన్నాను. ఒప్పుకున్నాడు.

వార్డు పక్క గదిలో భార్య, కోడలి ఎదుటే, ఇది ఏ జబ్బని అనుకుంటున్నారని అడిగాను. "గేటు కాడ బోర్డు చదివినా సార్. ఐదో తరగతి దాకా సదువుకున్న్యా" అన్నాడు. పిల్లలు బాధపడతారని ఆయన దాచాడు, ఆయన బాధపడతాడని పిల్లలు దాచారు. క్యాన్సరే అని చెప్పాను. అదే ఊపిరిలో రెండో మాట కూడా చెప్పాను: ఇది మూడో దశలో ఉన్నా నయం చేసే ఉద్దేశంతోనే మందిచ్చే రకమని, ఆరు సైకిళ్లూ సకాలంలో పడితే సగానికి మించిన మందిలో పూర్తిగా నయమవుతుందని. చేతికి అందని గడ్డలోనూ కణాలు మిగిలి ఉంటాయని వివరిస్తుంటే ఆయన భార్య అందుకుంది: "తుంగ లెక్క. పైన పెరికితే సేను సుబ్బరంగా కనపడ్తాది, లోపల గడ్డలుంటే వానకు మళ్లా లేస్తాది." నేను అంతకన్నా బాగా చెప్పలేను. ఆ మాట తర్వాత మందెందుకని ఆయన మళ్లీ అడగలేదు. ఎట్లా తట్టుకోవాలని అడిగాడు.

రెండో నిర్ణయం: 21 రోజులను విడదీయడం

ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్‌నే తెమ్మన్నాను. వేరే చార్టు ఇస్తే సంచిలో పడి ఉంటుంది. క్యాలెండర్‌ను రోజూ చూస్తారు. సైకిల్‌లో ఏ రోజు ఏ బాధ రావచ్చు, దానికి ముందు రోజే ఏం చేయాలి అన్నది ఆయా తేదీల గళ్లలో కోడలి చేతే రాయించాను.

మొదటి రోజు, రెండో రోజు: మూత్రం ఎర్రగా వస్తుంది, భయం లేదు, నీళ్లు ఎక్కువ తాగాలి. మొదటి రోజు రాత్రి నుంచే విరేచనం మందు, బిగించాక కాదు. వాంతుల విషయంలో, కీమో ఎక్కించే రోజు ఇంజెక్షన్‌తో సరిపెట్టి, ఆన్‌డాన్‌సెట్రాన్ మాత్రలు ఆపి, నాలుగు రాత్రులు తక్కువ మోతాదు ఓలాంజపిన్ ఇచ్చాం. అది వికారాన్ని అణచడమే కాక నిద్ర పట్టిస్తుంది. షుగర్‌ను పెంచే గుణం దానికీ ఉంది, కాబట్టి నాలుగు రాత్రులకు మించనివ్వలేదు. ప్రెడ్నిసొలోన్ మొత్తం ఉదయం టిఫిన్ తర్వాతే. దానితోపాటే ఎన్‌పీహెచ్ ఇన్సులిన్ ఒక్కసారి, ఆ ఐదు రోజులే; ఈ ఇన్సులిన్ పనిచేసే గంటలు స్టెరాయిడ్ చక్కెరను పెంచే గంటలతో దాదాపు సరిపోతాయి. పరీక్ష మధ్యాహ్నం భోజనం తర్వాతా, సాయంత్రమూ చేయాలి. స్టెరాయిడ్ ఆగిన రోజున ఇన్సులిన్ కూడా ఆపాలని ఎర్ర సిరాతో రాయించాను, లేకపోతే షుగర్ పడిపోతుంది. ఆరు, ఏడు రోజుల గళ్లలో "నీరసం, రెండు రోజుల్లో పోతుంది" అని ఉంది. నీరసాన్ని మేము తగ్గించలేకపోయాం. కానీ అది ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోతుందో రాసి ఉన్నాక ఇంట్లో ఎవరూ దాన్ని చావుకు సూచనగా చూడలేదు.

తిండి విషయంలో మూడు పథ్యాలనూ రద్దు చేసి ఒక్కటే నియమం పెట్టాం: వండి వేడిగా ఉన్నప్పుడు తినాలి, పండు తొక్క ఒలిచి తినాలి, నీళ్లు కాచి తాగాలి. పచ్చివాటిని పూర్తిగా నిషేధించడం వల్ల ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయనడానికి సరైన ఆధారం లేదు. బరువు తగ్గడం వల్ల నష్టం మాత్రం స్పష్టం. నోరు పూసిన రోజుల్లో జొన్న రొట్టె గీరుకుంటుంది, ఊరిబిండి మండుతుంది. కాబట్టి ఆ వారం మెత్తని రాగి సంగటి, కారం తగ్గించిన పప్పు, ఉడికిన గుడ్డు, కాచిన పాలతో తోడేసిన పెరుగు. ఉప్పు, వంటసోడా కలిపిన నీటితో రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలింత. నోరు మానాక మళ్లీ రొట్టె.

మూడో నిర్ణయం: జ్వరానికి ముందే దారి వేయడం

రెండో సైకిల్‌లో ప్రాణం మీదికి వచ్చింది కాబట్టి మందుల మోతాదు తగ్గించాలా అన్న ప్రశ్న వచ్చింది. నయం చేయడానికి ఇస్తున్న చికిత్సలో మోతాదు తగ్గించడం, సైకిల్ వాయిదా వేయడం రెండూ నయమయ్యే అవకాశాన్ని దెబ్బతీస్తాయి. అందుకే మోతాదు అలాగే ఉంచి తెల్లకణాలను పెంచే ఇంజెక్షన్ చేర్చాం. రోజూ వేసే ఫిల్‌గ్రాస్టిమ్ కన్నా ఒక్కసారి వేసే పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ ఎంచుకున్నాం. దాన్ని కీమో ముగిసి 24 గంటలు గడిచాకే వేయాలి; చల్లగా ఉంచాలి. మండే ఎండలో మూడు గంటలు బస్సులో పట్టుకెళ్లడం కన్నా ఒక రాత్రి కర్నూలులో ఆగి వేయించుకుని వెళ్లమన్నాం. ఆరోగ్యశ్రీ అని జనం ఇప్పటికీ పిలిచే పథకం కింద చికిత్స జరిగినా, ఆ రాత్రి బస, కోడలు పోగొట్టుకునే కూలీ ఆ ఇంటికి అదనపు భారమే. ప్రతి సలహాలోనూ ఆ భారాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

రెండోది థర్మామీటర్. ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా ఉదయం, సాయంత్రం చూడాలి. తెల్లకణాలు బాగా పడిపోయే రోజులవి. 101 ఒక్కసారి చూపినా, 100.4 గంటసేపు నిలిచినా ఫోన్ చేసి బయలుదేరాలి. చూడకుండా పారాసెటమాల్ వేయకూడదు, అది జ్వరాన్ని దాచేస్తుంది. కండకు ఇంజెక్షన్, ఎనిమా వద్దు. పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ తర్వాత నడుము ఎముకలు నొస్తాయి కాబట్టి పారాసెటమాల్‌ను పూర్తిగా నిషేధించలేం. వేడి చూసి రాసుకున్నాకే వేసుకోవాలని చెప్పాం.

అయితే మూడు గంటల దూరం మారదు. న్యూట్రోపీనియాలో (న్యూట్రోఫిల్స్ పడిపోయి ఉన్నప్పుడు) జ్వరం వస్తే ఆసుపత్రి చేరిన గంటలోపు మొదటి యాంటీబయాటిక్ పడాలి. కాబట్టి జబ్బు, చివరి కీమో తేదీ, ఇవ్వవలసిన మందు, మోతాదు, నా ఫోన్ నంబరు రాసిన ఉత్తరం ఒకటి సంచిలోనే ఉంచుకోమని, ముందు దగ్గరి పట్టణంలోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లమని చెప్పాను. ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికి పోవద్దని చెప్పడం వృథా. అర్ధరాత్రి తలుపు తీసేది అతనే, బండి ఉన్నదీ అతనికే. అతనితో ఫోన్లో మాట్లాడి ఉత్తరంలో ఏముందో వివరించాను. నాలుగో సైకిల్‌లో రాత్రిపూట 101.2 చూపినప్పుడు నాకు ఫోన్ చేసింది ఆ ఆర్‌ఎంపీయే, బండి మీద పట్టణానికి చేర్చిందీ అతనే. మొదటి డోసు అక్కడే పడింది. మరునాడు కర్నూలు చేరేసరికి బీపీ నిలకడగా ఉంది, న్యూట్రోఫిల్స్ 700. ఐదో సైకిల్ తేదీ మారలేదు.

చివరి సైకిళ్లు

నాలుగో సైకిల్ నుంచి ప్రతిసారీ ఆయన చేత చొక్కా గుండీలు పెట్టించి, బల్ల మీది రూపాయి బిళ్ల తీయించేవాళ్లం. వేళ్లు మొద్దుబారాయా అని అడిగితే లేదనేవాడు. బిళ్లను మాత్రం బల్ల అంచుదాకా జరిపి గానీ తీయలేకపోయాడు. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదని భార్య చెప్పింది. ఐదో సైకిల్ నుంచి విన్‌క్రిస్టిన్‌ను సగానికి తగ్గించాం. జ్వరానికి తగ్గించని మోతాదును నరాలకు ఎందుకు తగ్గించామని కోడలు అడిగింది. తెల్లకణాలు పడిపోతే ఇంజెక్షన్‌తో పెంచగలం, దెబ్బతిన్న నరానికి అలాంటి మందు లేదు. పైగా ఈ కలయికలో విన్‌క్రిస్టిన్ తగ్గడం వల్ల జరిగే నష్టం డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ తగ్గితే జరిగేంత ఉండదన్నది మా అంచనా.

ఆరో సైకిల్ తర్వాత ఏడు వారాలు ఆగి హైదరాబాదులో పెట్-సీటీ (చురుకుగా ఉన్న జబ్బును చూపే స్కాన్) తీయించారు. తొందరపడి తీస్తే మందు వల్ల కలిగిన వాపు కూడా జబ్బులా కనిపించవచ్చు. ఆ స్కాన్‌కు ఒకటి నుంచి ఐదు దాకా ఇచ్చే డోవిల్ స్కోరు 2, అంటే జబ్బు చురుకుగా లేదు. బరువులో పోయిన నాలుగు కిలోల్లో మూడు తిరిగి వచ్చాయి.

ఈ కేసు తర్వాత మా వార్డులో అచ్చు కాగితం పక్కన పెట్టి, మొదటి సైకిల్ రోజే రోగి ఇంటి క్యాలెండర్ తెప్పిస్తున్నాం. గడ్డ త్వరగా కరుగుతుందని, అయినా ఆరు సైకిళ్లూ అవసరమేనని గడ్డ ఉండగానే చెబుతున్నాం. కరిగాక చెబితే ఆ మాట బలవంతంలా వినిపిస్తుంది. ఇంట్లో చదువు వచ్చినవాళ్లు, అర్ధరాత్రి బండి తీయగలిగినవాళ్లు ఎవరో మొదటి రోజే అడిగి కేసు షీట్‌లో రాస్తున్నాం.

ఆయనకు పాదాల మొద్దుబారినతనం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. చేలో తుమ్మముల్లు దిగినా తెలియదు కాబట్టి బూట్లు వేసుకోకుండా పొలానికి వెళ్లవద్దని, రాత్రి పడుకునే ముందు భార్య చేత అరికాళ్లు చూపించుకోమని చెప్పాం. ఎంటెకావిర్ మాత్ర చివరి రిటుక్సిమాబ్ తర్వాత కనీసం ఏడాది సాగాలి. కీమో అయిపోయిందన్న ఊపులో ఆ మాత్ర మానేసే ప్రమాదం ఉంది కాబట్టి, వచ్చే ఏడాది క్యాలెండర్‌లోనూ దాన్ని నెలనెలా తెచ్చుకునే తేదీలను కోడలు రాసిపెట్టింది.